కొట్టరువు వారు ఎందరు?

కవిబ్రహ్మ, ఉభయకవిమిత్రుడు, సోమయాజి. తిక్కనగారి పేరు వెంట నడిచే ఈ మాటలను ఏ తెలుగు విద్యార్థిని అడిగినా గడగడ చెబుతాడు. ఇవన్నీ ఆయన సంపాదించుకొన్నవి. సంపాదించకుండా పుట్టుకతో వచ్చిన మాట మరొకటి ఉన్నది. అది 'కొట్టరువు'. ఆయన ఇంటిపేరు. పాఠం చెప్పేటప్పుడు దానిని ఒకసారి పలికి ముందుకు సాగిపోతాము. ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పిన నేనూ అలాగే సాగిపోయాను. ఉద్యోగ విరమణానంతరం తీరిక చిక్కిన తరువాత ఆ మాట దగ్గర కాసేపు ఆగాలనిపించింది. ఆగితే మూడు ప్రశ్నలు ఎదురయ్యాయి. ఈ ఇంటిపేరుకు అర్థమేమిటి? అది ఎక్కడినుండి వచ్చింది? నేడు ఆ ఇంటిపేరు గలవారు ఎందరు? మొదటి రెండింటికి నిఘంటువులు, కావ్యాలు దారి చూపాయి. మూడవదానికి సమాధానం వెదకబోతే, తెలుగువారి ఇంటిపేర్లన్నిటికీ పొంచి ఉన్న ఒక ఆపద కనబడింది. మిత్రులతో పంచుకోదలచినది ముఖ్యంగా ఆ సంగతే.

తెలుగువారి ఇంటిపేర్లలో ఊళ్లనుబట్టి వచ్చినవి మెండు. ఊరు విడిచి మరొక ఊరు చేరినవారిని పాత ఊరి పేరుతో పిలవడం సహజం. 'కందుకూరు' వారు 'కందుకూరి' వారయ్యారు, 'గార్లపాడు' వారు 'గార్లపాటి' వారయ్యారు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) ఔపవిభక్తికాలని చెప్పిన ఇ, టి, తి వర్ణకాల మహిమ ఇది. 'ఫలానా ఊరి యొక్క' అనే అర్థం ఆ చిన్న అక్షరంలో ఇమిడి ఉన్నది. 'బమ్మెర' వంటివి మార్పు లేకుండా ఊరిపేరుగానే నిలిచాయి. నేటి జనగామ జిల్లాలోని ఆ ఊరు పోతనగారి ఇంటిపేరులో అలాగే వినిపిస్తుంది. ఇక రెండవ తెగ వృత్తినీ, ఉద్యోగాన్నీ బట్టి వచ్చినవి. కరణం, దేశాయి, బక్షి వంటివి ఈ కోవలోనివి. ఇంటిపేరు విని ఆ ఇంటి పూర్వులు ఎక్కడివారో, ఏమి చేసేవారో ఊహించగలగడం మన భాషకున్న ఒక సౌకర్యం.

'కొట్టరువు' ఈ రెండవ తెగలోనిదని నాకు సమంజసంగా తోస్తున్నది. కొట్టరువు, కొటారు అంటే ధాన్యం నిలువచేసే చోటు. సంస్కృతంలో 'కోష్ఠాగారం'. ప్రాకృతంలో అది 'కోట్ఠాగార' అయింది. తెలుగు నాలుకమీద ఒత్తు పోయి, ద్విత్వానికి ముందున్న ఓకారం హ్రస్వమై 'కొట్టార' రూపం పొంది, చివరకు 'కొట్టరువు'గా స్థిరపడింది. తమిళంలో 'కొట్టారం' అంటే ధాన్యాగారమే. మలయాళంలో అదే మాట రాజభవనం అనే అర్థానికి ఎదిగింది. మన ఇండ్లలో సామాను దాచే 'కొట్టు', హైదరాబాదులోని 'కోఠి' కూడా 'కోష్ఠ' శబ్దం బలగమే. ఉత్తరాదికి పోతే 'కొఠారి' అనే ఇంటిపేరు కనిపిస్తుంది. కోష్ఠాగారికుడు, అనగా ధాన్యాగారాధికారి అని దాని వ్యుత్పత్తి. 1964-66 నాటి విద్యా కమిషన్ అధ్యక్షులు దౌలత్ సింగ్ కొఠారిగారి పేరు వినని ఉపాధ్యాయుడు మన తరంలో లేడు. కొఠారివారికీ మన కొట్టరువువారికీ రక్తసంబంధం ఉన్నదని నేననను. శబ్దసంబంధం మాత్రం స్పష్టం. మన 'భండారు' వారి ఇంటిపేరు కూడా ఇటువంటిదే. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాసిన భండారు అచ్చమాంబగారిని (1874-1905) తలచినప్పుడల్లా నాకు 'భాండాగారం' గుర్తుకు వస్తుంది. ఆంగ్లేయులలో ధాన్యపు కొట్టును చూచేవానినిబట్టి 'గ్రేంజర్' అనీ, వంటసామాను పంచిపెట్టేవానినిబట్టి 'స్పెన్సర్' అనీ ఇంటిపేర్లు ఏర్పడ్డాయి. కొట్టు తాళంచెవి ఎవరి మొలలో ఉంటే వారికి ఆ పేరు రావడం లోకసామాన్యమే కాబోలు.

ఆ తాళంచెవి తక్కువదేమీ కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో కోష్ఠాగారాధ్యక్షుని విధులకు ఒక అధ్యాయమే ఉన్నది. నిలువచేసిన దానిలో సగం జనపదానికి ఆపద వచ్చినప్పటికై ఉంచాలనీ, మిగిలిన సగమే వాడుకోవాలనీ, కొత్తది వచ్చినప్పుడు పాతదాని స్థానంలో చేర్చాలనీ అక్కడి నియమం. గోరఖ్‌పూర్ ప్రాంతంలో దొరికిన సోహ్‌గౌరా రాగిరేకు బ్రాహ్మీలిపిలో ఉన్నది. అది రెండు కోష్ఠాగారాలను గురించి, ఆపత్కాలంలో వాటి వినియోగాన్ని గురించి చెబుతుంది. కరవు వచ్చిననాడు రాజ్యాన్ని బ్రతికించేది కత్తి కాదు గదా, కొట్టరువే!

తిక్కనగారి వంశచరిత్ర ఈ అర్థానికి చక్కగా సరిపోతుంది. ఆ చరిత్ర తెలుసుకోవడానికి మనకు దొరికిన గొప్ప ఆధారం కేతన దశకుమారచరిత్రము. కావ్యాన్ని తిక్కనకు అంకితమిస్తూ కేతన ఆయన వంశాన్ని వర్ణించాడు. తాత మంత్రి భాస్కరుడు గుంటూరు పాలించినవాడు. ఆయనకు కేతన, మల్లన, సిద్ధన, కొమ్మన అని నలుగురు కొడుకులు. కొమ్మనకూ అన్నమకూ పుట్టినవాడు మన కవిబ్రహ్మ. సిద్ధన కొడుకు ఖడ్గ తిక్కన. పుల్లరి తగవులో కాటమరాజుతో పోరాడి నేలకొరిగిన వీరునిగా కాటమరాజు కథలలో నిలిచిపోయినవాడు ఆయనే. మంత్రులు, దండనాథులు, కవులు ఒకే ఇంట పుట్టారు. గౌతమ గోత్రీకులైన నియోగులు. రాజుగారి ధాన్యాగారపు లెక్కలు ఇటువంటి ఇంటి పూర్వుని చేతిలో ఉండడంలోనూ, ఆ ఉద్యోగమే ఇంటిపేరుగా దిగడంలోనూ వింతేమీ లేదు. ఉద్యోగం పోయింది, రాజు పోయాడు, నెల్లూరు మనుమసిద్ధి రాజ్యమూ పోయింది. ధాన్యాగారం మాత్రం ఇంటిపేరులో దాగి ఎనిమిది వందల ఏండ్ల తరువాత కూడా మన చెవిని పడుతున్నది.

ఇక మూడవ ప్రశ్న. నేడు కొట్టరువు వారు ఎందరు?

ఈ ప్రశ్న కొరియా దేశంలో అడిగితే ప్రభుత్వమే సమాధానం చెబుతుంది. అక్కడి జనగణనలో ఇంటిపేర్ల పట్టికలు ప్రకటిస్తారు. 2000లో 286 ఇంటిపేర్లని లెక్క తేలింది. 2015లో, విదేశాలనుండి వచ్చి పౌరసత్వం పొందినవారి పేర్లతో కలిపి, 5,582 అయ్యాయి. అందులో చీనాలిపిలో వ్రాయగలిగినవి 1,507 మాత్రమే. కిమ్ అనే ఒక్క ఇంటిపేరు వారే ఒక కోటి ఆరు లక్షల పైచిలుకు, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి మించి! అమెరికాలో 2010 జనగణన తరువాత, నూరుమందికి తక్కువ కాకుండా ఉన్న ఇంటిపేర్ల జాబితా వేశారు. అందులో 1,62,253 పేర్లున్నాయి. 24,42,977 మందితో స్మిత్‌లు మొదటి స్థానంలో ఉన్నారు. నూటికి లోపువారిని, వ్యక్తుల గోప్యతకోసం, జాబితాలో చేర్చరు. అంటే అరుదైన ఇంటిపేరు అక్కడ కూడా గడప దాటి బయటికి రాదు.

మన దేశంలో ఆ గడపకూడా లేదు. 1881 నుండి పదేళ్లకొకసారి జనాన్ని ఏకకాలంలో లెక్కిస్తూ వచ్చాము. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 8,11,27,740 మంది. కులాలవారీ పూర్తి పట్టికలు చివరిసారి 1931లో వచ్చాయి. 2021లో జరగవలసిన గణన వాయిదాపడి, 2027కు నిర్ణయమై, అందులో కులం కూడా అడుగుతారని 2025లో ప్రకటన వెలువడింది. ఇన్ని గణనలలో గణకులు మన గుమ్మంలో నిలిచి ప్రతి మనిషి పేరూ వ్రాసుకొన్నారు. ఇంటిపేర్ల పట్టిక మాత్రం ఒక్కసారీ వెలువడలేదు. వ్రాసుకొన్న వ్యక్తిగత వివరాలను 1948 నాటి జనగణన చట్టం రహస్యంగా ఉంచుతుంది. అది సబబే. అందువలన ఎనిమిది కోట్ల తెలుగువారిలో కొట్టరువు వారెందరు, బమ్మెర వారెందరు అనే ప్రశ్నకు ప్రభుత్వం అచ్చువేసిన అంకె లేదు.

పోనీ, ఓటర్ల జాబితాలు, పరీక్షల జాబితాలు చూచి మనమే లెక్కించుకొందామంటే అడ్డు తగిలేది ఒకే ఒక అక్షరం. 'కె.'

బడిలో పనిచేసినవారికి ఈ అక్షరం బాగా తెలుసు. హాజరుపట్టీలో కె. వెంకటేశ్వర్లు ఒకడు, కె. వెంకటేశ్వర్లు ఇంకొకడు. ఒకనిది కొమ్మూరి, రెండవవానిది కాకర్ల. పిల్లవాడు బడిలో చేరిననాడు తండ్రి నోట పూర్తి ఇంటిపేరు విని ప్రవేశాల రిజిస్టరులో పూర్తిగా వ్రాసుకొంటాము. పదవ తరగతి పరీక్షకు పేర్లు పంపేనాటికి అది ఒక్క ఇంగ్లీషు అక్షరమై కూర్చుంటుంది. ఆ అక్షరంతోనే ధ్రువపత్రం, ఆ ధ్రువపత్రంతోనే ఉద్యోగం, ఆ ఉద్యోగంతోనే పెండ్లి శుభలేఖ! క, కా, కి, కొ, కో, క్ష, ఖ అన్నీ ఆ ఒక్క 'కె'లో మునిగిపోయాయి. శ, ష, స మూడూ 'ఎస్' అయ్యాయి. పూర్తిగా వ్రాసినా రోమను లిపిలో మరొక చిక్కు ఉన్నది. ట, త రెండింటికీ ఒకే అక్షరం కనుక కొట్టరువు కాస్తా 'కొత్తరువు' అయి కూర్చుంటుంది. ధాన్యాగారం పోయి 'కొత్త' మిగులుతుంది!

దీనిలో ఒక విచిత్రం గమనించండి. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు చెల్లవు, విప్పి వ్రాయవలసిందే. విదేశాలకు వెళ్లిన పిల్లల ఇంటిపేరు చివరికి జరిగిందన్నమాటేగాని, పూర్తిగా నిలిచింది. ఒక అన్న అమెరికాలో పూర్తి ఇంటిపేరుతో, తమ్ముడు గుంటూరులో ఒక్క అక్షరంతో బ్రతుకుతున్న కుటుంబాలు మన చుట్టూ ఎన్ని లేవు?

లెక్క దొరకకపోతే అంచనా అయినా వేయవచ్చునా? ఈ ప్రశ్నను సరిగ్గా ఇంటిపేర్ల గురించే అడిగినవాడు ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్. పేరుగల వంశాలు అంతరించిపోతుండడం చూచి, అది యాదృచ్ఛికమా అని 1873లో ఒక పత్రికలో సమస్య ఇచ్చాడు. హెన్రీ విలియం వాట్సన్ అనే మతాచార్యుడు దానికి గణితం కట్టాడు. 1874లో ఇద్దరి పేరునా వ్యాసం వచ్చింది. జనాభా పెరుగుతున్నా ప్రతి ఇంటిపేరూ అంతరించక తప్పదని వాట్సన్ తేల్చడం పొరపాటు. సగటున మగవానికి ఒకరికి మించి కొడుకులుంటే కొన్ని పేర్లు నిలుస్తాయనీ, ఒకరో అంతకు తక్కువో అయితే ఎప్పటికైనా అంతరిస్తాయనీ తరువాత స్పష్టపడింది.

నేను లెక్కల మాస్టారిని కాను. మా బడిలోనే లెక్కలు చెప్పిన మిత్రుని ప్రక్కన కూర్చోబెట్టుకొని వేయించిన లెక్క ఇది. ఒక ఇంటిపేరుతో ఒక్కడే మగవాడు ఉన్నాడనుకొందాము. సగటున మగవానికి ఒక కొడుకు పెరిగి పెద్దవాడవుతాడు. కొందరికి ఇద్దరు ముగ్గురుండవచ్చు, కొందరికి ఉండకపోవచ్చు. ఇటువంటి నూరు ఇంటిపేర్లలో ఒక తరానికే 37 పోతాయి. ఐదు తరాలకు 73, పది తరాలకు 84 పోతాయి. తరానికి పాతికేండ్ల చొప్పున ముప్పై తరాలు, అంటే ఇంచుమించు తిక్కనగారి కాలంనుండి నేటివరకు, నడిచేసరికి నూటికి ఆరు మిగులుతాయి. మంత్రి భాస్కరునికి నలుగురు కొడుకులన్నాడు గదా కేతన! నలుగురితో మొదలుపెడితే నిలిచే అవకాశం నూటికి ఇరవై రెండో ఇరవై మూడో అవుతుంది. ఖడ్గ తిక్కన వంటివారు యుద్ధంలో పడిపోవడాలు, కరవులు, మశూచికాలు అన్నీ ఆ సగటులో కలిసిపోయినవే. సగటు ఒకటికి కాస్త మించినా గండం పూర్తిగా తప్పదు. అమెరికా తెల్లవారి వివరాలతో 1931లో లోట్కా వేసిన లెక్కలో కూడా ఒక మగవానితో మొదలైన వంశనామం అంతరించే అవకాశం నూటికి 82 వరకు వచ్చింది.

కనుక అరుదైన ఇంటిపేరు అరుదు కావడానికి ఆ ఇంటివారి లోపమేదీ కారణం కానక్కరలేదు. కొడుకులమీదనే నడిచే ప్రతి పేరుకూ అదే సహజగతి. మరి ఇన్ని పేర్లు ఎలా నిలిచాయి? మనవారు గణితానికి ఎదురు నడిచే ఉపాయం ఒకటి కనిపెట్టారు. అది దత్తత. శ్రీశ్రీ పుట్టినది పూడిపెద్దివారింట. దత్తత వెళ్లినది శ్రీరంగం వారింటికి. ఆ దత్తత జరగకపోతే 'శ్రీశ్రీ' అనే రెండక్షరాలే మనకు లేవు! పేరు నిలిచినంత మాత్రాన నెత్తురు నిలిచినట్లు కాదనడానికి కూడా ఇదే తార్కాణం. అలాగే నెత్తురు నిలిచినా పేరు మారిపోవచ్చు. తెనాలి రామకృష్ణుని ఇంటిపేరు గార్లపాటి. లోకం తెనాలినే ఇంటిపేరు చేసింది. ఒకే ఊరినుండి వేరువేరు కులాలవారు వలసపోతే అందరికీ ఒకే ఇంటిపేరు వచ్చింది. కాబట్టి కొట్టరువు అని పేరున్నవారు కనబడగానే తిక్కన వంశీయులని సన్మానించడమూ తగదు, ఆ పేరు లేనివారు కారనడమూ తగదు. ఇంటిపేరు వంశవృక్షానికి పైనున్న చీటీ వంటిది. చెట్టు వేరు, చీటీ వేరు.

అయినా ఆ చీటీని ఎందుకు పట్టించుకోవాలి? ఈ ప్రశ్నకు నా సమాధానంలో కొంత సొంతం ఉన్నది, దాచను. నాకు ఇద్దరు కూతుళ్లు. మగసంతానం లేదు. నా ఇంటిపేరు కొట్టరువు వంటి కీర్తి గలది కాదు, అయితే అదీ అరుదైనదే. పెండ్లినాడు కన్యాదాన సంకల్పంలో నా పూర్వుల పేర్లు చదివారు. మరునాటినుండి పిల్లలు వేరే ఇంటిపేరువారయ్యారు. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం కూతురికి పిత్రార్జితంలో సమాన హక్కు ఇచ్చింది. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. పొలంలో భాగం వచ్చింది, ఇంటిలో భాగం వచ్చింది, ఇంటిపేరులో భాగం మాత్రం ఆచారంలో ఇంకా రాలేదు. నేను పిల్లలకు చెప్పిన పాఠంలో తిక్కనగారి తల్లి అన్నమ అని చెప్పేవాడిని. అన్నమగారి పుట్టినింటి పేరు ఆ పాఠంలో ఎన్నడూ లేదు. గాల్టన్ లెక్కలో అన్నమ వంటివారు అసలు లేరు. వారిని వదిలేసి లెక్కించినందుకే నూటికి తొంభై నాలుగు పేర్లు పోతున్నాయి. మా పెద్దమ్మాయి తన కొడుక్కి రెండిళ్ల పేర్లూ కలిపి పెట్టింది. మొదట బడిలో దరఖాస్తు కాగితంలో పట్టలేదట. అటు తండ్రి వైపువారు అభ్యంతరం చెప్పలేదు. ఆచారం మారితే గణితం కూడా మారక తప్పదని నాకు ఆనాడు తోచింది.

ఇంటిపేరుమీద నాకున్న మమకారం కులగర్వంతో కూడినది కాదు. ఇంటిపేరులో ఒక ఊరు ఉంటుంది, ఒక వృత్తి ఉంటుంది, ఒక పాత శబ్దం ఉంటుంది. నదిలో కలిసిపోయిన ఊళ్లు, రిజర్వాయరు క్రింద మునిగిన ఊళ్లు, పటంలో పేరు మారిన ఊళ్లు ఇంటిపేర్లలో బ్రతికి ఉంటాయి. శాసనం రాతిమీద ఉంటే పురావస్తుశాఖ కాపలా పెడుతుంది. ఈ శాసనం మనుషుల పేర్లముందు ఉన్నది. దానికి కాపలా మనమే. మనిషి లేక పోయిన పేరును తిరిగి తేలేము. ఒక్క అక్షరంగా కుదించి మనంతట మనమే పోగొట్టుకొంటున్న పేర్లను మాత్రం నేడే నిలుపుకోవచ్చు.

అందుకు చేయవలసినది పెద్ద పనేమీ కాదు. పాత బడులలో ప్రవేశాల రిజిస్టర్లు శాశ్వతంగా భద్రపరచవలసిన దస్త్రాలు. పూర్తి ఇంటిపేర్లు తెలుగు లిపిలో వాటిలో ఉన్నాయి. చెదపురుగులు తినకముందే, పిల్లల వివరాలు బయట పెట్టకుండా, ఇంటిపేర్లనూ వాటి సంఖ్యనూ మాత్రం ఎత్తి వ్రాసుకొంటే ఒక ఊరి ఇంటిపేర్ల లెక్క తయారవుతుంది. అటువంటి ఊళ్లు నూరు కలిస్తే, కొరియావారి పట్టిక వంటిది కాకపోయినా, మన పట్టిక ఒకటి మొదలవుతుంది. మీలో ఉపాధ్యాయులుగా ఉన్నవారు ఈ మాట ఆలోచించండి. మిగిలినవారు ఇంతకంటె తేలికైన పని చేయవచ్చు. మీ పేరు ముందున్న పొడి అక్షరాన్ని విప్పి తెలుగులో పూర్తిగా వ్రాయండి. మీ తల్లిగారి పుట్టినింటి పేరు, వీలైతే నాయనమ్మ, అమ్మమ్మల పుట్టినిళ్ల పేర్లు అడిగి పిల్లల పుట్టిన తేదీలు వ్రాసుకొనే పుస్తకంలోనే వ్రాసి ఉంచండి. చెప్పగలిగిన పెద్దలు ఇంట్లో ఉండగానే అడగండి.

కోష్ఠాగారంలో సగం ఆపత్కాలానికి దాచమన్నాడు కౌటిల్యుడు. పేర్ల విషయంలో ఆ ఆపత్కాలం వచ్చే ఉన్నది.

స్వస్తి.